మందు లేని సీసాలు

దేముడికి ఒక గర్వం ఉండేది. మనిషన్నాక ఏదో ఒకదాని మీద ఉండాలి కదా, ఆయనకి పేడ మీద ఉండేది. నవ్వకండి. ఒరిస్సా బరంపురంలో ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా అటెండరు పని చేస్తున్నవాణ్ణి పట్టుకుని, సార్లూ రీసెర్చి పిల్లలూ "దేముడూ, మా వానపాములకి నీ ఆవు పేడ తప్ప వేరేది సయించట్లేదయ్యా" అంటూ ఉంటే ఎవడికి మాత్రం ఛాతీ ఉబ్బదు? ఆయనకీ ఉబ్బేది. ఆ ఉబ్బే చివరికి కొంప ముంచింది.

సొంతూరు పాత్రపూర్ దగ్గర పల్లె. ఉద్యోగం వచ్చాక బరంపురం శివార్లలో చిన్న పెంకుటిల్లు కట్టుకున్నాడు. ఇంటి వెనక పశువుల సాల, అందులో ఒక ఆవు, దాని పెయ్య. ఇంట్లో భార్య కూర్మమ్మ. కూర్మమ్మ నోరు విప్పిందంటే వీధి వీధంతా తలుపులేసుకోవాలి గానీ, పశువుల దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి వెన్న.

ఆ ఏడు ల్యాబులో రీసెర్చి చేస్తున్న పిల్ల పుణ్యవతి. పొడంపేటలో చేపలు పట్టే మసేను కూతురు. ఆ ఊళ్ళో సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళే గానీ పెద్ద చదువుల మీదికి వెళ్ళినవాళ్ళు లేరు. ఈ పిల్ల ఒక్కర్తీ పట్టుబట్టి ఇంతదాకా వచ్చింది. దేముణ్ణి మొదటిరోజే "సిన్నాన్నా" అని పిలిచింది. మిగతా పిల్లలు "దేముడూ" అని అరిచే ల్యాబులో ఆ పిలుపు చెవిన పడగానే ఆయన కరిగిపోయాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల పనంటే తన ఇంటి పనే.

పని ఏమిటంటే, వరికి కొట్టే ఒక పురుగుమందు మట్టిలో ఉన్న వానపాముల్ని దీర్ఘకాలంలో ఏం చేస్తుందో కనిపెట్టడం. గంజాం జిల్లాలో ఆ మందు కొట్టని మడి లేదు.

"సచ్చిపోతాయా నేదా అని సూడ్డానికి రెండు వారాలు సాలు సిన్నాన్నా," అని చెప్పింది పుణ్యవతి, సీసాలు తుడుస్తూ. "సావకుండా బతికే ఉంటాయి, తింటాయి, తిరుగుతాయి, కానీ పిల్లల్ని పెట్టడం మానేత్తాయి సూడు, అది తెలియాలంటే రెండు నెలలు కాసుక్కూకోవాల."

"అంటే గొడ్రాళ్ళని సేసీసే మందన్నమాట."

"అదే. సేత్తాదో నేదో సూడాల."

ఇరవైనాలుగు గాజు సీసాలు పెట్టారు. ఇసుక, తెల్లమట్టి, కొబ్బరిపొట్టు కలిపి తడిపి ఒక్కోదాంట్లో పోశారు. పదహారు సీసాల్లో నాలుగు రకాల మోతాదుల్లో మందు కలిపారు. ఎనిమిదిటిలో ఏమీ కలపలేదు. ప్రతి సీసాలోనూ మెడ కింద పట్టీ వచ్చిన ఎదిగిన వానపాములు పదేసి వదిలారు. నాలుగు వారాలయ్యాక పెద్దవాటిని తీసేసి తూచాలి. మట్టిని ఇంకో నాలుగు వారాలు అలాగే ఉంచి, అప్పుడు పిల్లల్ని లెక్కపెట్టాలి. మందు లేని ఎనిమిది సీసాలే మొత్తం పరీక్షకి ఆయువుపట్టు. వాటిల్లో సీసాకి ముప్ఫై పిల్లలైనా పుట్టకపోతే మందు సీసాల్లో ఏం జరిగినా దానికి విలువ లేదు, పరీక్ష చెల్లదు.

చెల్లకపోతే మళ్ళీ చేసుకోవచ్చు కదా అంటారేమో. ఆ పిల్లకి ఆ వెసులుబాటు లేదు. ఆమె గైడు వెంకటరమణమూర్తి గారు జూన్ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఆ లోపు తీసిస్ ఇవ్వకపోతే ఇంకో గైడు కాళ్ళు పట్టుకోవాలి, ఆయన చెప్పిన కొత్త పని మొదటినుంచీ మొదలుపెట్టాలి. అప్పటికే ఐదేళ్ళయింది. ఇంకో ఐదేళ్ళంటే పొడంపేట వాళ్ళు ఊరుకుంటారా? పెళ్ళి చేసి పంపేస్తారు. ఈ సంగతి పుణ్యవతికి తెలుసు, మూర్తి సారుకి తెలుసు, దేముడికీ తెలుసు.

వానపాముల తిండి పూచీ ఎప్పటిలాగే దేముడిది. "సిన్నాన్నా, ఏ మందూ తగలని ఆవు పేడ కావాల. ఒక్కసారే తెచ్చి, ఎండబెట్టి, దంచి డబ్బాలో ఉంచీ. రెండు నెలలూ ఆ పేడే. మద్దిలో మార్చకు," అని మరీ మరీ చెప్పిందా పిల్ల. "మా ఆవు సూదీ గోలీ మొకం ఎరగదమ్మా," అన్నాడు దేముడు. ఆ మాట నిజమే.

రెండో వారంలో అల్పపీడనం పట్టి నాలుగు రోజులు ఒకటే వాన. ల్యాబు గోడలు చెమ్మగిల్లాయి. డబ్బా మూత సరిగ్గా పెట్టలేదేమో, పేడపొడి అంతా తెల్లగా బూజు పట్టింది. మూత పెట్టాల్సింది దేముడే. ఆ పిల్లతో చెప్తే కంగారు పడుతుందని బూజు పట్టిందంతా పారబోసి, ఇంటి నుంచి కొత్తగా తెచ్చి, పొయ్యి పక్కన ఆరబెట్టి, దంచి డబ్బా నింపేశాడు. "పేడకేటి, పేడ పేడే. అదే ఆవు, అదే సాల," అనుకున్నాడు. ఒక్క ముక్క చెప్పి ఉంటే పోయేది. చెప్పలేదు.

అంతకు ముందే, ఆ వానకి పెయ్యకి పిడుదులు పట్టాయి. చెవుల వెనక, తోక కింద గింజల్లాగా అతుక్కుపోయి రక్తం తాగేస్తున్నాయి. కూర్మమ్మ పశువుల మందుల కొట్టుకెళ్ళి తెల్లపొడి పొట్లం తెచ్చింది. పెయ్యకి రాసింది, ఆవుకి రాసింది, మిగిలింది సాల నేలంతా చల్లింది. దేముడు పక్కన నిలబడి పెయ్యని పట్టుకున్నాడు. కళ్ళారా చూశాడు. అయినా పుణ్యవతి చెప్పిన మాట గుర్తుకి రాలేదు. ఎందుకంటే ఆయన లెక్కలో పశువుకి మందంటే సూది, లేకపోతే గొట్టంతో పోసేది. లోపలికి వెళ్ళేదే మందు. ఒంటి మీద రాసేది పొడి. తలకి రాసుకునే నూనెని ఎవరన్నా తిండి అంటారా? వాళ్ళ పల్లెలో ఎవర్నడిగినా అదే చెప్తారు. మర్నాడు తెల్లారగట్ల అదే నేల మీంచి చీపురుతో ఊడ్చి ఎత్తిందే డబ్బా నింపిన ఆ కొత్త పేడ. దాన్నే ప్రతి వారమూ ఇరవైనాలుగు సీసాల్లోనూ కొలిచి కొలిచి పెట్టాడు, ఎంతో శ్రద్ధగా.

నాలుగు వారాలకి పెద్దవాటిని తీశారు. మందు లేని సీసాల్లో ఎనభైకి ఎనభై బతికున్నాయి, కాస్త తగ్గినట్టున్నా చలాకీగానే తిరుగుతున్నాయి. "బాగున్నాయి సిన్నాన్నా!" అని చప్పట్లు కొట్టింది పుణ్యవతి. దేముడు మీసం దువ్వుకున్నాడు.

మరో నాలుగు వారాలు గడిచాయి. సోమవారం లెక్క అనగా, శనివారం సాయంత్రం సీసాలన్నీ బల్ల మీదికి దింపి ఉంచమని చెప్పి హాస్టలుకి వెళ్ళింది పుణ్యవతి. దేముడు ఒక్కొక్కటే దింపుతున్నాడు. ఇదివరకు ఇద్దరు ముగ్గురు రీసెర్చి పిల్లల పరీక్షలు చూసిన కళ్ళవి. ఈపాటికి మందు లేని సీసాల్లో గాజుకి ఆనుకుని దారప్పోగుల్లాంటి పిల్లలు పాకుతూ కనబడాలి. ఒక్కటీ లేదు. సీసా తిప్పి చూశాడు. చెంచాతో మట్టి కదిపాడు. రెండోది చూశాడు. మూడోది. గుడ్డు తిత్తి లేదు, పిల్ల లేదు, మట్టి మట్టిలాగే ఉంది. ఎనిమిదీ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది తెల్లపొడి. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది పాపం. "ఓరి నాయనో, ఎంత పని సేసినాను! ఆ పిల్ల కొంప నా సేతుల్తో నానే తీసినాను," అని తల బాదుకున్నాడు. పురుగుమందు సంగతి తేలకముందే, ఇంకో మందు పేడలో కలిపి తనే ఇరవైనాలుగు సీసాలకీ తినిపించాడు. పెద్దవి చావలేదు. ఆ పిల్ల చెప్పినట్టే, బతికుండి గొడ్డుపోయాయి.

ఇక్కడ ఆయన మీద నాకు కోపం. ఆ శనివారం సాయంత్రమే హాస్టలుకి నడిచి వెళ్ళి, "అమ్మా, ఇలగ సేసినాను," అని చెప్పి ఉంటే ఏమయ్యేది? ఆ పిల్ల ఏడ్చేది, మూర్తి సారు తిట్టేవాడు, ఏదో దారి వెతికేవాళ్ళు. పది నిమిషాల దూరం. వెళ్ళలేదు. పుణ్యవతి బతుకు పాడవుతుందన్న జాలితో వెళ్ళలేదని తర్వాత తనకి తాను వంద సార్లు చెప్పుకున్నాడు. జాలి కొంత ఉంది, కాదనను. కానీ అసలు సంగతి వేరు. ఇరవై రెండేళ్ళుగా "దేముడి పేడ" అని పేరు మోసిన పేడ విషమైందని నలుగురి ముందూ ఒప్పుకోవాలంటే ఆయనకి మొహం చెల్లలేదు.

ఆదివారం మధ్యాహ్నం కాలేజీ అంతా నిర్మానుష్యం. హాస్టలు వంటగది వెనక అరటి తొక్కలూ కూర చెక్కులూ పారేసే కుప్ప ఉంది. దాని అడుగున తవ్వితే సన్నటి వానపాము పిల్లలు గుట్టలుగా ఉంటాయి. గరిటెతో తవ్వి, చిన్నవి చిన్నవి ఏరి, డబ్బాలో వేసుకొచ్చాడు. సీసాకి ముప్ఫై ఐదు, నలభై చొప్పున ఎనిమిది సీసాల్లో దించాడు. పైన మట్టి సర్దాడు. చేతులు కడుక్కుని, సబ్బు పెట్టి మళ్ళీ కడుక్కున్నాడు.

సోమవారం లెక్క. సీసాని వేడినీళ్ళ తొట్టిలో పెడితే అడుగు నుంచి వేడి తగిలి పిల్లలన్నీ పైకొస్తాయి. పట్టకారుతో ఒక్కోదాన్నీ తీసి లెక్కపెట్టాలి. పుణ్యవతి తీస్తూ అంకె చెప్తుంటే దేముడు కాయితం మీద రాయాలి. మొదటి సీసా పెట్టారు. మట్టి కదిలింది. పుణ్యవతి వంగి మొదటిదాన్ని పట్టుకుని పళ్ళెంలో వేసి, కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. దేముడు కాయితం వంక చూస్తున్నాడు. "ఒకటి," అంది చివరికి. రాశాడు. "రెండు." రాశాడు.

సాయంత్రానికి ఎనిమిది సీసాలూ అయ్యాయి. మొత్తం రెండొందల ఎనభై మూడు. మందు సీసాలు పదహారింటిలోనూ ఒక్క పిల్లా లేదు, ఆఖరికి అతి తక్కువ మోతాదు వేసినవాటిలో కూడా. మూర్తి సారు పరుగున వచ్చి చూసి, "ఇంత స్పష్టంగా తేలడం నా సర్వీసులో చూళ్ళేదమ్మా!" అన్నారు. ఆయన వెళ్ళాక పుణ్యవతి వచ్చి వంగి దేముడి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఏడుస్తోంది. సంతోషం అనుకున్నాడాయన. వెనక్కి రెండడుగులు వేసి, "వొద్దమ్మా, వొద్దు, లెగు," అన్నాడు. తన కాళ్ళు తనకే రోతగా అనిపించాయి.

ఆ తర్వాత ఆయన సుఖంగా ఒక ముద్ద తిన్నది లేదు. ఫిబ్రవరిలో తీసిస్ అచ్చయింది. కృతజ్ఞతల పేజీలో దేముడి పేరుందని పిల్లలంతా చదివి వినిపించారు. "వానపాములకు కన్నతండ్రిలా తిండి పెట్టిన దేముడు గారికి" అని రాసిందట. దేముడు "ఊఁ" అని చీపురు తీసుకుని బయటికి పోయాడు. మార్చిలో మూర్తి సారు పాత్రపూర్‌లో రైతుల మీటింగు పెట్టి, ఈ మందు రవ్వంత వేసినా మీ మట్టిలో వానపాముల సంతతి ఆగిపోతుందని గట్టిగా చెప్పారు. కుర్చీలు వెయ్యడానికి దేముడూ వెళ్ళాడు. తన సొంత మేనబావలు ముందు వరసలో కూర్చుని, "మా దేముడు సేసిన పరీచ్చేనంట!" అని చుట్టుపక్కలవాళ్ళకి చెప్పుకుంటున్నారు. ఆ మందు మంచిదో చెడ్డదో దేముడికే తెలీదు. తనవల్ల ఎవరికీ తెలిసే దారి లేకుండా పోయిందని మాత్రం తెలుసు. డేరా వెనక్కి పోయి, మొహం మీద నీళ్ళు కొట్టుకుని, మీటింగు అయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

ఇంట్లో కూర్మమ్మ ఊరుకుంటుందా? "ఏటయ్యింది నీకు? తేలు కుట్టిన దొంగలాగ మూల కూకుంటన్నావు! పేడెత్తమంటే ఎత్తవు, సాల గుమ్మం తొక్కవు!" అని నిలదీసింది. ఆవిడతోనూ చెప్పలేదు. చెప్తే పొడి తెచ్చిన పాపం తనదనుకుని కుమిలిపోతుంది మరి.

ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. తీసిస్ దిద్దే పరీక్షకుడు వేరే రాష్ట్రంలో పెద్ద సారు. ఇదే మందుని, ఇదే మోతాదుల్లో తన ల్యాబులో వేసి చూశాడట. తక్కువ మోతాదులో వానపాములు శుభ్రంగా పిల్లల్ని పెట్టాయట. మీ లెక్కల అసలు కాయితాలు పంపండి, ఏ మట్టి, ఏ పేడ వాడారో రాయండి అని అడిగాడు. మూర్తి సారు ఉత్తరం చదివి మడిచి బల్ల మీద పెట్టారు. తర్వాత పుణ్యవతి వంక చూసి, "మళ్ళీ చేద్దాం. మనం ఏ తప్పూ చెయ్యనప్పుడు భయమేముంది? దేముడూ, సోమవారానికి సీసాలు కడిగి ఉంచు. పేడ నీదే," అన్నారు. పుణ్యవతి మొహంలో నెత్తురు చుక్క లేదు. నాన్నకి బాగాలేదని చెప్పి ఆ సాయంత్రమే ఊరెళ్ళిపోయింది.

మర్నాడు స్టాఫు గదిలో టీ గ్లాసులు పెడుతుంటే ఒక సారు అంటున్నాడు, "లెక్కలన్నీ అల్లేసి ఉంటుందండీ. వల అల్లుకునే కులానికి అల్లడం ఒకరు నేర్పాలా?" మిగతావాళ్ళు నవ్వారు. దేముడికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. చేసింది తను, మాట పడుతున్నది ఆ పిల్ల, ఆ పిల్ల తండ్రీ తాతా కూడా. మూర్తి సారు గది తలుపు దాకా వెళ్ళాడు, లోపలికి పోలేక తిరిగొచ్చాడు. ముందు ఆ పిల్లతో చెప్పకుండా ఎవరితో చెప్పినా తప్పే అనుకున్నాడు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి గంజాం ఊళ్ళో దిగి, ఆటోలో పొడంపేట వెళ్ళాడు.

మసేను గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్నాడు. దేముడు పేరు చెప్పగానే లేచి, భుజం మీది తువ్వాలుతో కుర్చీ తుడిచి వేశాడు. ఒంట్లో బాగాలేని మనిషిలా ఏమీ లేడు. "కూకోండి బాబూ, కూకోండి! మా పిల్ల పుస్తకంలో మీ పేరు రాసినాదంట కదా. కన్నతండ్రని రాసినాదంట. నాను కన్నాను గానీ సదువు సెప్పించింది మీరే," అంటూ చేతులు జోడించాడు. కొబ్బరిబొండం కొట్టించాడు. దేముడు ఆ బొండం తాగకుండానే పక్కన పెట్టాడు. ఉన్నపళంగా భూమి చీలి తనని మింగేస్తే బాగుండునని మనసారా కోరుకున్నాడు.

పుణ్యవతి ఒడ్డున పడవల దగ్గరుందంటే అక్కడికి నడిచాడు. ఆ పిల్ల ఒక పడవకి ఆనుకుని నిలబడి ఉంది. ఈయన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

దేముడు దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "అమ్మా, ఆ సీసాల్లో వానపాం పిల్లలు మనవి కావు," అనేశాడు. "ఉత్తి సీసాల్లో ఒక్కటీ పుట్టనేదు. నానే తవ్వి తెచ్చి ఏసినాను. సాలలో పిడుదుల పొడి సల్లినాం, ఆ పేడే పెట్టీసినాను. డబ్బాలో పేడ మార్చినాను, నీకు సెప్పనేదు. నన్ను సెప్పుతో కొట్టు తల్లీ."

పుణ్యవతి సముద్రం వైపే చూస్తోంది. "తెలుసు సిన్నాన్నా," అంది.

"ఏటి?"

"పేడ సంగతి తెల్దు. పిల్లలు మనవి కావని తెలుసు. మొదటి సీసాలో మొదటిదానికే తెలిసిపోనాది. మా తాత ఏటి మొగలో గేలమేసీవోడు. ఆయనకి ఎర తవ్వి ఇచ్చిందాన్ని నానే. మనం ఏసిన జాతి పిల్ల పట్టుకుంటే మెత్తగా సుట్టుకుంటాది. అది మిడతలాగ ఎగిరినాది. వొంటి మీద నీలం మెరుపు కూడాను. అలాంటిది సెత్తకుప్పలో దొరుకుతాది గానీ మన సీసాలో ఎలా పుడతాది?"

దేముడు, "మరి... ఒకటి, రెండు అని..." అని ఆగాడు.

"అవును. లెక్కెట్టినాను. రెండొందల ఎనభై మూడు. ఒక్కోదానికీ ఒక్కో అబద్దం ఆడినాను. నువ్వు రాసినావు." ఆ పిల్ల పడవ అంచు గట్టిగా పట్టుకుంది. "నువ్వెందుకు సేసినావో అప్పుడు నాకు తెల్దు. నా మీద పేమతో అనుకున్నాను. నానెందుకు నోరు మూసుకున్నానో నాకు తెలుసు. ఐదేళ్ళు. ఇంటికొచ్చీయాల అంటే బయమేసినాది. అందుకే ఆ రోజు నీ కాళ్ళు పట్టుకున్నాను. నా తప్పు నీ నెత్తినెట్టీసినానని."

ఆయన సంతోషం అనుకున్న ఏడుపు అది. నాలుగు నెలలుగా తన సిగ్గే లోకంలో పెద్దది అనుకుంటూ మోస్తున్నాడు దేముడు. ఆ పిల్ల కూడా పక్కనే నడుస్తూ, పైకి నవ్వుతూ, అంతకంత మోసిందని ఇప్పుడు తెలిసింది. తిట్లు తిని తేలికపడదామని వచ్చినవాడికి తిట్టేవాళ్ళు కూడా లేకపోయారు.

"రేపు సారుకి సెప్పీత్తాను," అన్నాడు. "తప్పు నాది. పేడ నాది. తవ్వింది నాను."

పుణ్యవతి అప్పుడు మొదటిసారి ఆయన వంక చూసింది. "నాకు తెలుసని కూడా సెప్తావా?"

దేముడు ఆ చూపుని తట్టుకోలేకపోయాడు. "నీ పేరెత్తను తల్లీ. ఒట్టు," అన్నాడు. ఆ పిల్ల తలాడించలేదు, వద్దనలేదు. చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మసేను అన్నం తిని వెళ్ళమని బతిమాలినా వినకుండా దేముడు బస్సెక్కేశాడు. ఆ ఇంట్లో చెయ్యి కడిగే అర్హత తనకి లేదనిపించింది.

సోమవారం పదిన్నరకి మూర్తి సారు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "ఆజ్ఞా, ఒక మాట," అన్నాడు, పెద్దవాళ్ళని ‘అయ్యా’ అనడానికి అక్కడివాళ్ళు అనే ఒడియా మాటతో. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. బూజు, పొడి, పేడ, శనివారం, ఆదివారం, వంటగది వెనక కుప్ప, అన్నీ చెప్పేశాడు. మూర్తి సారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే దేముడికి కాస్త హాయిగా ఉండేది.

"పాత్రపూర్‌లో మూడొందల మంది రైతులకి చెప్పానయ్యా," అన్నారు మెల్లిగా. "నా నోటితో చెప్పాను."

కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"నిన్ను ఏం చెయ్యాలో తర్వాత చూస్తాను. ఇప్పుడు ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు. ఆ అమ్మాయికి తెలుసా?"

నిజం చెప్పడానికి వచ్చినవాడు. గదిలోకి వచ్చిన దగ్గర్నుంచీ నిజమే చెప్తున్నవాడు. ఈ ఒక్క మాటా చెబుదామంటే ఆ పిల్ల తండ్రి తువ్వాలుతో కుర్చీ తుడిచిన చేతులు కళ్ళ ముందు కదులుతున్నాయి. "తెలీదు ఆజ్ఞా," అన్నాడు. గొంతు గట్టిగానే వచ్చింది. "పాపం, ఆ పిల్లకి ఏటీ తెలీదు. ఒట్టు."

"తెలుసు సార్."

వెనక గుమ్మంలో పుణ్యవతి. పొద్దుటి మొదటి బస్సుకే వచ్చినట్టుంది, చేతిలో సంచి అలాగే ఉంది. ఎప్పటినుంచి నిలబడి వింటోందో తెలీదు. లోపలికి వచ్చి దేముడి పక్కన నిలబడింది.

"ఆయన నాకోసం అబద్ధం చెప్తున్నారు సార్. అవి మన పురుగులు కావని చూడగానే పోల్చాను. అయినా లెక్కపెట్టాను. తీసిస్ వెనక్కి తెప్పించండి. పరీక్షకుడికి నేనే ఉత్తరం రాస్తాను. పాత్రపూర్ రైతులకి కూడా నేనే వచ్చి చెప్తాను."

దేముడు ఆ పిల్ల వంక చూడలేక, గోడ వంక చూడలేక, తన కాళ్ళ వంక చూసుకుంటూ నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఐదేళ్ళ కష్టాన్ని ఒక్క మాటతో వదులుకుని నిజం చెప్పింది. తానేమో నిజం చెప్పడానికని వచ్చి, అది పూర్తవకముందే ఇంకో అబద్ధానికి ఒట్టు పెట్టుకున్నాడు. ఆ అబద్ధపు ఒట్టు ఆ పిల్ల చెవిన పడింది.